చలానా డబ్బు ఎటు వెళ్లాలి?



బండి ఉన్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ-చలానా వచ్చే ఉంటుంది. చాలామందిమి ఫొటో చూస్తాం, అంకె చూస్తాం, విసుక్కుని పక్కన పెట్టేస్తాం. ఈసారి వచ్చినప్పుడు కాస్త నిదానంగా చదవండి. తెలంగాణ చలానా అయితే జరిమానాతోపాటు ఇంకో అంకె కూడా కనబడుతుంది. యూజర్ చార్జీలు, 35 రూపాయలు. జరిమానా మనం చేసిన తప్పుకు. ఈ 35 రూపాయలు చలానా సేవ కోసం కట్టించుకునే రుసుము. అంటే రోడ్డు మీద తప్పు చేసినవారి నుంచి వచ్చే డబ్బులో కొంత ఆ వ్యవస్థకే వాడవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా. ఈ రోజు నా ప్రసంగం అక్కడి నుంచే మొదలవుతుంది. హైదరాబాద్ లాంటి నగరంలో ట్రాఫిక్ పోలీసుల చేతికి ప్రాణాలు నిలిపే పరికరాలు రావాలంటే డబ్బు ఎక్కడి నుంచి రావాలి, ఏ రూపంలో రావాలి, దేనికి ఖర్చు కావాలి?

ముందు అసలు జరిమానా సంగతి. పోలీసులు చలానాలు రాసేది వాళ్ల శాఖకు డబ్బు కోసమేనని బస్టాపుల్లో, టీ కొట్ల దగ్గర అనుకుంటుంటారు. అది నిజం కాదు. రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం ప్రభుత్వ ఆదాయం రాష్ట్ర సంచిత నిధికి జమ కావాలి. చలానా సొమ్ము కూడా అక్కడికే చేరి, ఎక్సైజు రాబడిలో, రిజిస్ట్రేషన్ల రాబడిలో కలిసిపోతుంది. శాసనసభ బడ్జెట్ పద్దు ఆమోదిస్తే తప్ప అందులోంచి ఒక్క రూపాయి బయటికి రాదు. పంజాగుట్ట చౌరస్తాలో ఎండలో నిలబడి వంద చలానాలు రాసిన ఎస్సై, ఆ డబ్బుతో తన స్పీడ్ గన్‌కు ఒక బ్యాటరీ కొనుక్కోలేడు. జరిమానా వేసేవాడే ఆ జరిమానాను దాచుకోకూడదన్న ఈ కట్టుబాటు మంచిదే. దాన్ని తీసెయ్యమని నేను అడగడం లేదు. ఆ డబ్బు వచ్చిన కారణాన్ని మరిచిపోకుండా, అందులో ఒక భాగాన్ని శాసనసభ కళ్లెదుటే రోడ్డు భద్రతకు కేటాయించాలని అడుగుతున్నాను.

ఎందుకంత పట్టుదల అంటే, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. గంటకు 19 మంది. ఈ ప్రసంగం పూర్తయ్యేలోపు దేశంలో ఎక్కడో ఒకచోట నాలుగైదు ఇళ్లలో ఏడుపు మొదలవుతుంది. ఆ మరణాల్లో నూటికి 71 అతివేగం ఖాతాలో నమోదయ్యాయి. హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది. రోడ్డు దాటుతూనో, పక్కన నడుస్తూనో పోయిన పాదచారులు 32,825 మంది. పరికరాలు కొనేముందు చూడాల్సిన పట్టిక ఇదే. ఏది ఎక్కువమందిని చంపుతోందో, దాన్ని అడ్డుకునే పరికరానికే మొదటి రూపాయి వెళ్లాలి.

కాబట్టి వేగం దగ్గర కాసేపు ఆగుదాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడని డ్రైవరు గుర్తించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ఆ సెకను అయిపోతుంది. అదే కారు 80లో ఉంటే ఆ సెకనులో 22 మీటర్లు. గుద్దే శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అందుకే 60కీ 80కీ మధ్య దెబ్బ తీవ్రత దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇంకొకటి ఉంది. కారు ముందుభాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం 50 కిలోమీటర్ల వేగం దగ్గర ఎంత ఉంటుందో, 65 దగ్గర దానికి నాలుగున్నర రెట్లు ఉంటుంది. పదిహేను కిలోమీటర్ల తేడా. మనం రోజూ ఖాళీ రోడ్డు దొరికితే ఆలోచించకుండా పెంచేసే తేడా అదే.

ఈ పదిహేను కిలోమీటర్లను పట్టుకునేది స్పీడ్ గన్. లేజర్ గన్ అయితే సన్నటి కాంతి పుంజాన్ని బండి మీదికి పంపుతుంది. అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం కొలుస్తుంది. సెకనులో చిన్న భాగంలోనే ఈ కొలత వందల సార్లు తీసి, దూరం ఎంత తొందరగా మారుతోందో లెక్కగట్టి వేగం చెబుతుంది. పుంజం సన్నగా ఉంటుంది గనుక గుంపులోంచి ఒక్క బండిని వేరుచేసి చూపగలదు. మన రోడ్ల మీద బైకులు, ఆటోలు, బస్సులు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి కాబట్టి ఈ గుణం చాలా అవసరం. గన్ పట్టుకున్న పోలీసు రోడ్డుకు కాస్త పక్కగా నిలబడితే, అది చూపించే వేగం అసలు వేగం కన్నా తక్కువే ఉంటుంది. ఆ మేరకు లాభపడేది డ్రైవరే. ఈ సంగతి తెలిస్తే, గన్ తప్పు చూపించిందేమోనన్న అనుమానం కొంతమందికైనా తగ్గుతుంది.

తర్వాతది మద్యం. హైదరాబాద్‌లో తాగి నడిపేవారిపై ప్రత్యేక తనిఖీలు 2011 నవంబరులో మొదలయ్యాయి. వారాంతపు రాత్రుళ్లు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు బారికేడ్లు, చేతిలో బ్రీత్ ఎనలైజరు, పట్టుబడినవారికి గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగ్. ఇంట్లోవాళ్లను వెంట తీసుకుని రమ్మనడం మన పోలీసులు చేసిన మంచి ఆలోచన. భార్య పక్కన కూర్చుని ప్రమాదాల వీడియోలు చూస్తున్నప్పుడు మనిషి మీద పడే బరువు వెయ్యి రూపాయల జరిమానా వల్ల పడదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబరులో ఎవరినైనా, ఎక్కడైనా ఆపి పరీక్షించే పద్ధతి తెచ్చినప్పుడు మద్యం మరణాలు బాగా తగ్గాయి. అక్కడ పనిచేసింది శిక్ష కన్నా పట్టుబడతామన్న నమ్మకం. ప్రతి రాత్రీ, ఏ సందులోనైనా తనిఖీ ఉండవచ్చని తాగినవాడు అనుకోవాలి. అలా అనుకోవాలంటే బ్రీత్ ఎనలైజర్లు నాలుగు చోట్ల ఉంటే సరిపోదు, ప్రతి ట్రాఫిక్ స్టేషన్‌లోనూ పనిచేసే స్థితిలో ఉండాలి.

పనిచేసే స్థితిలో అన్నాను. నిధుల గురించి మాట్లాడేటప్పుడు అందరూ దాటేసే మాట ఇదే. బ్రీత్ ఎనలైజరు లోపల ఒక ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఊపిరిలోని ఆల్కహాలు అందులో రసాయన చర్యకు లోనై చిన్న విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ విద్యుత్తును బట్టి అంకె వస్తుంది. వాడేకొద్దీ సెల్ బలం తగ్గుతుంది. అందుకే నిర్ణీత కాలానికోసారి ప్రామాణిక వాయువుతో సరిచూడాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. ఒకరు ఊదిన గొట్టం ఇంకొకరి నోట పెట్టకూడదు గనుక మనిషికొక కొత్త మౌత్‌పీసు కావాలి. ఒక్క రాత్రి తనిఖీకి వందల మౌత్‌పీసులు అయిపోతాయి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దు దాటినట్టు కోర్టులో నిరూపించాలంటే పరికరం ఆ రోజున సరిగ్గా ఉందని కాగితం చూపించాలి. క్యాలిబ్రేషన్ గడువు దాటిన యంత్రంతో పట్టుకున్న కేసు నిలబడదు. నిజంగా తాగినవాడు బయటపడతాడు, తాగనివాడు అవమానపడే ప్రమాదమూ ఉంటుంది.

చట్టం కూడా ఇప్పుడు ఈ దారిలోనే నడుస్తోంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 136ఏ సెక్షన్ వచ్చింది. దాని కింద 2021 ఆగస్టులో కేంద్రం 167ఏ నిబంధన తెచ్చింది. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, ఒంటికి తగిలించుకునే కెమెరా, నంబరు ప్లేటు చదివే కెమెరా, ఇవన్నీ ఆమోద పత్రం ఉన్నవే వాడాలి. ఆ పత్రాన్ని ఏటేటా కొత్తగా తీసుకోవాలి. కెమెరాలున్న చోట ముందుగానే బోర్డు పెట్టి జనానికి చెప్పాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. 2025 జూలై 1 నుంచి వేగం కొలిచే రాడార్ పరికరాలను తూనికలు, కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. కిరాణా కొట్టులో కాటాకు ముద్ర లేకపోతే మనం ఒప్పుకోం కదా, వేలల్లో జరిమానా వేసే యంత్రానికి కూడా అదే చట్టం వర్తించడం న్యాయమే. కాకపోతే పత్రాలకూ, పరీక్షలకూ, మరమ్మతులకూ ఏటేటా డబ్బు కావాలి. కొనడం ఒక్కసారి అయ్యే ఖర్చు, నడపడం ప్రతి ఏడూ ఉండే ఖర్చు. మన పద్దుల్లో మొదటిదానికి ఫొటోలు, రిబ్బన్ కత్తిరింపులు ఉంటాయి. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పెట్టెలోంచి తీయని పరికరం, బ్యాటరీ చచ్చిపోయిన పరికరం ప్రజల సొమ్ముకు జరిగిన నష్టమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు డబ్బు ఏయే దారుల్లో వస్తోందో చూద్దాం. రాష్ట్ర బడ్జెట్‌లో పోలీసు పద్దు ఒకటి. పోలీసు దళాల ఆధునికీకరణకు కేంద్రం ఇచ్చే సాయం ఇంకొకటి. అందులో మన లాంటి రాష్ట్రాలకు 60 వంతులు కేంద్రం, 40 వంతులు రాష్ట్రం భరిస్తాయి. కానీ తుపాకుల నుంచి ఫోరెన్సిక్ ప్రయోగశాలల దాకా అన్నీ అందులోంచే రావాలి. నిర్భయ నిధి కింద వచ్చిన సేఫ్ సిటీ పథకంలో దేశంలోని ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. 282.50 కోట్ల రూపాయల ఆ పథకం ఆడవాళ్ల భద్రతకు ఉద్దేశించింది. వీధి వీధినా కెమెరాలు పెరగడానికి అది ఒక కారణం. 'నేను సైతం' అనే కార్యక్రమంలో కాలనీ సంఘాలు, వ్యాపారులు తమ డబ్బుతో కెమెరాలు పెట్టించారు. వంద మంది ఒకేసారి చేరే చోట్ల కెమెరా ఉండాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన ప్రజా భద్రత చట్టం కూడా దీనికి తోడైంది. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ కేంద్రం ఇవన్నీ ఒకచోట చూడగలిగేలా కట్టింది. ఇక సిగ్నళ్ల ఖర్చు ఎక్కువగా మున్సిపల్ కార్పొరేషన్‌ది. రోడ్డు మీద గీతలదీ అంతే.

ఈ పథకాలను నేను తక్కువ చేయడం లేదు. గొలుసు దొంగను పట్టుకోవడంలో, తప్పిపోయిన పిల్లను ఇంటికి చేర్చడంలో ఆ కెమెరాలు చేసిన మేలు చాలామంది అనుభవించారు. నా ఆందోళన వేరు. ఇన్ని తలుపుల నుంచి డబ్బు వస్తున్నా, రోడ్డు మీద చావులు తగ్గించడమే తన పనిగా పెట్టుకున్న నిధి ఒక్కటీ ఈ జాబితాలో కనబడదు. నేరాల కోసం పెట్టిన కెమెరాకు ట్రాఫిక్ పని అదనం. సిగ్నల్ స్తంభం ఒక శాఖది, దాని కింద నిలబడే కానిస్టేబుల్ ఇంకో శాఖ మనిషి, జీబ్రా క్రాసింగ్ రంగు మరో విభాగానిది. రంగు వెలిసిపోయిన జీబ్రా మీద దెబ్బ తగిలిన ముసలమ్మ ఎవరిని అడగాలి?

ఇక చలానా రాయితీల సంగతి. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాలకు పెద్ద రాయితీ ఇచ్చారు. బైకులు, ఆటోలు నాలుగో వంతు కడితే చాలు, కార్లు సగం. జనం ఆన్‌లైన్‌లో ఎగబడి కట్టారు. సుమారు 300 కోట్ల రూపాయలు వసూలయ్యాయి. మళ్లీ 2023 డిసెంబరు 26 నుంచి ఇంకా పెద్ద రాయితీ ఇచ్చారు. బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం మాఫీ. పేదవాడి మీద పేరుకుపోయిన భారం దించడంలో దయ ఉంది. కానీ రెండేళ్లలో రెండుసార్లు ఇచ్చేసరికి, ఆగితే తగ్గుతుందన్న పాఠం కూడా జనానికి అందింది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టే విషయం, అంత డబ్బు ఒక్కసారిగా వచ్చినప్పుడు అందులో ఒక పాలు ప్రమాదాల నివారణకు పక్కన పెడుతున్నామని చెప్పే మంచి అవకాశాన్ని వాడుకోకపోవడం. ఆ మాట చెప్పి ఉంటే కట్టిన ప్రతివాడికీ తన వంద రూపాయలు ఎక్కడ పనిచేస్తున్నాయో తెలిసేది.

ఇది కొత్తగా నేను కనిపెట్టిన కోరిక కాదు. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. విరిగిన కాళ్లూ, నలిగిన వెన్నుపూసలూ రోజూ చూసే డాక్టరు, ఆస్పత్రికి రాకముందే ఆపలేమా అని కోర్టును అడిగారు. దాని ఫలితంగా 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఏర్పడింది. 2017 నవంబరు 30న కోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ప్రతి రాష్ట్రం రోడ్డు భద్రతా నిధి పెట్టుకోవాలన్నది ఒకటి. ట్రాఫిక్ జరిమానాల్లో ఒక భాగం ఆ నిధికి రావాలి. అది మురిగిపోని నిధిగా ఉండాలని కమిటీ రాష్ట్రాలకు చెబుతూ వచ్చింది.

మురిగిపోవడం అంటే ఏమిటో ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినవారికి చెప్పక్కర్లేదు. మార్చి 31 రాత్రికి ఖర్చు కాని కేటాయింపు వెనక్కి పోతుంది. పరికరాలకు టెండరు పిలవాలి, నమూనా పరీక్షించాలి, ధర ఖరారు చేయాలి. ఇందులో ఏ ఒక్కటి ఆలస్యమైనా ఏడాది తిరిగిపోతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో హడావుడిగా, అవసరం ఏదో చూసుకోకుండా, దొరికింది కొనేసే అలవాటు అన్ని శాఖల్లోనూ ఉంది. వర్షాకాలానికి ముందు కావాల్సిన రిఫ్లెక్టివ్ జాకెట్లు మార్చి ఆఖరున గోదాములో పడతాయి. మురిగిపోని నిధి ఉంటే టెండరు నిదానంగా, నాణ్యత చూసి వేయవచ్చు. ఐదేళ్ల నిర్వహణ ఖర్చును మొదటి రోజే ఒప్పందంలో రాసుకోవచ్చు.

దక్షిణాది రాష్ట్రాల్లో కేరళ ఈ దారిలో ముందు నడిచింది. 2007లోనే రోడ్డు భద్రతా అథారిటీకి ఒక చట్టం చేసుకుని, కోర్టుకు వెళ్లకుండా కట్టే రాజీ రుసుములో సగం నిధికి వచ్చే ఏర్పాటు పెట్టుకుంది. అదే కేరళ 2023 జూన్ 5 నుంచి ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్ ద్వారా 726 కెమెరాలతో జరిమానాలు మొదలుపెట్టింది. హెల్మెట్, సీటు బెల్టు మీద వాటి ప్రభావం రోడ్డు మీద కనబడింది. కానీ ఆ ఒప్పందం మీద పెద్ద వివాదం రేగి హైకోర్టు దాకా వెళ్లింది. మనం నేర్చుకోవాల్సింది రెండు వైపులా ఉంది. చట్టంతో నిధి కట్టడం మంచిది. కెమెరాలు కొనే ఒప్పందం మాత్రం మొదటి నుంచీ జనం చదివేలా బయట పెట్టాలి.

ఇంకో ప్రమాదం గురించి నిజాయితీగా చెప్పాలి. చలానాల నుంచి నిధి వస్తుందంటే, చలానాలు ఎన్ని ఎక్కువ రాస్తే అంత డబ్బు అన్న ఆశ పుట్టదా? పుడుతుంది. దానికి విరుగుడు ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2012 నుంచి స్పీడ్ కెమెరాల జరిమానా మొత్తం రోడ్డు ప్రమాదాల నివారణ నిధికే వెళ్తోంది. జనం నెమ్మదిగా నడపడం నేర్చుకుంటే ఆ రాబడి తగ్గాలి. తగ్గితే సంతోషించాలి. కాబట్టి మన నిధికి బడ్జెట్ నుంచి ఒక కనీస మొత్తం ముందే నిర్ణయించాలి, చలానా వాటా దానికి పైన చేరాలి. ఏ అధికారి పనితీరునూ చలానాల సంఖ్యతో కొలవకూడదు, ఆయన పరిధిలో తగ్గిన మరణాలతో కొలవాలి.

మనవాళ్లు వేలాదిగా స్థిరపడ్డ అమెరికాలో 1966 నాటి హైవే సేఫ్టీ చట్టం కింద 402వ సెక్షన్ గ్రాంట్లు ఉన్నాయి. ఆ డబ్బులో కనీసం 40 శాతం స్థానిక ప్రభుత్వాలకు, అంటే నగరాలకు, కౌంటీలకు చేరాలి. రాష్ట్రం తన ప్రణాళికలో ప్రమాదాల లెక్కలు చూపి, ఎంత తగ్గించదలుచుకుందో లక్ష్యం రాయాలి. ఖర్చయ్యాక నివేదిక ఇవ్వాలి. ఆ పద్ధతి ఇక్కడికి తెచ్చుకోవడానికి మనకు ఇప్పుడు అడ్డేమీ లేదు. ఐఐటీ మద్రాస్ రూపొందించగా, నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ దేశమంతా అమలు చేసిన ప్రమాదాల సమాచార వ్యవస్థ మన పోలీసు స్టేషన్లలోనూ ఉంది. ఏ కూడలిలో, ఏ వేళకు, ఎవరు పడిపోతున్నారో అందులో నమోదవుతుంది. ఒక ట్రాఫిక్ స్టేషన్ నిధి అడిగితే, ఆ లెక్క ముందు పెట్టి అడగాలి. ఇచ్చిన ఏడాది తర్వాత అదే కూడలి లెక్క మళ్లీ చూపించాలి.

కంపెనీల సామాజిక బాధ్యత డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. సైబరాబాద్‌లో 2006 నుంచి పోలీసులూ, ఐటీ సంస్థలూ కలిసి నడుపుతున్న సెక్యూరిటీ కౌన్సిల్ ట్రాఫిక్ వాలంటీర్ల వంటి మంచి పనులు చేసింది. బారికేడ్లు, గొడుగులు, అంబులెన్సులు దాతల నుంచి తీసుకోవచ్చు. వేగం కొలిచే యంత్రాన్నీ, ఊపిరి పరీక్షించే యంత్రాన్నీ మాత్రం ప్రభుత్వ డబ్బుతోనే కొనాలి. చట్టం అమలు చేసేవాడు ఎవరికీ రుణపడి ఉండకూడదు. బారికేడ్ మీద ప్రకటన ఉంటే ఉండనివ్వండి, కానీ రాత్రిపూట హెడ్‌లైటు పడితే మెరవాల్సిన పట్టీని ఆ ప్రకటన కప్పేయకూడదు.

బారికేడ్ మాట వచ్చింది కాబట్టి పోలీసుల ప్రాణాల గురించి. 2021 మార్చిలో కూకట్‌పల్లి వైపు నిజాంపేట రోడ్డు దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఉన్న ఒక ఏఎస్సై కారు ఢీకొని చనిపోయారు. పరికరాలు అనగానే మనకు జరిమానా రాసే యంత్రాలే గుర్తుకొస్తాయి. నా దృష్టిలో పట్టికలో పైన ఉండాల్సినవి వేరే. తనిఖీకి వంద మీటర్ల ముందు నుంచే క్రమంగా దారి మళ్లించే కోన్లు, సోలార్ బ్లింకర్లు, నీళ్లు నింపిన గట్టి బారియర్లు, వెలిగే బేటన్లు, నాణ్యమైన రిఫ్లెక్టివ్ జాకెట్లు. పొగకు తట్టుకునే మంచి మాస్కు. హోంగార్డుకు కూడా కానిస్టేబుల్‌కు ఇచ్చినవే ఇవ్వాలి. లారీకి వాళ్లిద్దరి మధ్య తేడా తెలియదు. ఇవేవీ కోట్ల రూపాయల వస్తువులు కావు. ఇవి లేకుండా మనిషిని చీకట్లో నిలబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రమాద స్థలానికి చాలాసార్లు అంబులెన్సు కన్నా ముందు చేరేది గస్తీ బండే. అందులో మడత స్ట్రెచరు, మెడకు పెట్టే పట్టీ, రక్తం ఆపే కట్లు ఉండాలి. వాటిని వాడే శిక్షణ ప్రతి కానిస్టేబుల్‌కూ ఏటా జరగాలి. 2025 మేలో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల దాకా వైద్యం అందాలి. గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. ఆస్పత్రి దాకా ప్రాణంతో చేర్చగలిగితేనే ఆ పథకాలకు అర్థం. చేర్చేవాడి చేతిలో కట్టు గుడ్డ లేకపోతే ఎలా?

ఇందులో మన పాత్ర ఏమిటి అని మీరు అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద కమిషనర్ కార్యాలయానికి ఒక దరఖాస్తు రాయండి. కాలనీ సంఘం పేరుతో కాకుండా, పౌరులుగా మీ సొంత పేరుతో రాయండి. రుసుము 10 రూపాయలు, జవాబు 30 రోజుల్లో రావాలి. మా ప్రాంతపు ట్రాఫిక్ స్టేషన్‌లో బ్రీత్ ఎనలైజర్లు ఎన్ని, స్పీడ్ గన్లు ఎన్ని, వాటిలో ఈ రోజు పనిచేస్తున్నవి ఎన్ని, ఆఖరుసారి క్యాలిబ్రేషన్ ఏ తేదీన జరిగింది అని అడగండి. పోయిన ఏడాది మా పరిధిలో ఎంత జరిమానా వసూలైంది, రోడ్డు భద్రతకు ఎంత కేటాయించారు, మార్చి 31న ఎంత వెనక్కి పోయింది అని అడగండి. గస్తీ బండిలో ప్రథమ చికిత్స పెట్టె ఉందో లేదో కూడా అడగండి. బడ్జెట్ సమావేశాలు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. డిసెంబరు లోపు దరఖాస్తు వేస్తే పద్దుల మీద చర్చ మొదలయ్యేసరికి జవాబు మీ చేతిలో ఉంటుంది. ఆ కాగితం తీసుకుని మీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి, పోలీసు పద్దు చర్చకు వచ్చిన రోజున సభలో ఆ అంకెలు చదవమని అడగండి.